బాస్కెట్‌బాల్‌లో అడుగుల నియమం: పివట్, జీరో స్టెప్, ట్రావెలింగ్

బాస్కెట్‌బాల్‌లో బంతిని చేతిలో పట్టుకున్న ఆటగాడు నిబంధనలు ఒప్పుకున్న హద్దు దాటి పాదాలను కదిపితే దాన్ని ట్రావెలింగ్ అంటారు. ఆటస్థలంలో పిల్లలు ‘స్టెప్స్’ అని అరిచేది దీని గురించే. ఇది ఫౌల్ కాదు, ఉల్లంఘన. అంటే ఆటగాడి ఖాతాలో తప్పు చేరదు, ఎదుటి జట్టుకు ఫ్రీ త్రోలు రావు. బంతి మాత్రం చేజారుతుంది. ఉల్లంఘన జరిగిన చోటికి దగ్గరగా, గీత బయటి నుంచి, ఎదుటి జట్టు బంతిని లోపలికి విసురుతుంది.

అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నిబంధనావళిలో 25వ అధికరణం ఈ విషయానికి సంబంధించింది. మన దేశంలో పాఠశాల పోటీల నుంచి జాతీయ పోటీల వరకూ ఫిబా నిబంధనలే ఆధారం. ఆటలో ఎక్కువ వాదనలు పుట్టేది ఈ నియమం దగ్గరే. దానికి ముఖ్య కారణం, చాలామంది దీన్ని ‘రెండడుగులు’ అనే లెక్కగా మాత్రమే నేర్చుకోవడం. లెక్క ఎక్కడ మొదలవుతుందో తెలియనిదే రెండంటే ఎన్నో తేలదు. బంతి చేతిలో కుదిరిన క్షణం, ఆ క్షణాన నేలమీద ఉన్న పాదం: ఈ రెంటినీ గుర్తించగలిగితే నియమం మొత్తం సులువుగా విడిపోతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతంలో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఆడి ఆ తర్వాత బాస్కెట్‌బాల్‌కు వచ్చే పిల్లలకు ఈ అవగాహన మరింత అవసరం.

పుట్టుక

కెనడాలో పుట్టిన జేమ్స్ నైస్మిత్ 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో ఈ ఆటను రూపొందించాడు. చలికాలంలో వ్యాయామశాల లోపల ఆడదగిన ఆట కావాలన్నది అప్పటి అవసరం. రగ్బీ, అమెరికన్ ఫుట్‌బాల్ లాంటి ఆటల్లో దెబ్బలు ఎందుకు తగులుతున్నాయని ఆయన ఆలోచించాడు. ఒకడు బంతితో పరుగెత్తుతాడు కాబట్టి రెండోవాడు అతన్ని పడగొట్టాల్సి వస్తోంది. పరుగే లేకపోతే పడగొట్టే పనే ఉండదు. అందుకే ఆయన రాసిన 13 నిబంధనల్లో మూడోది, బంతి పట్టుకున్నవాడు పరుగెత్తకూడదని, పట్టిన చోటి నుంచే విసరాలని చెప్పింది. వేగంగా వస్తూ బంతిని అందుకున్నవాడికి, ఆగే ప్రయత్నం చేస్తుంటే, కొంత వెసులుబాటు కూడా అందులోనే ఉంది. ఆ వెసులుబాటు ఎంత అన్న ప్రశ్నే ఇప్పటికీ నడుస్తున్న చర్చకు మూలం.

ఈ 13 నిబంధనలు 1892 జనవరిలో అచ్చయ్యాయి. వాటిలో డ్రిబుల్ ప్రస్తావన లేదు. చుట్టూ ఎదుటివాళ్లు మూగి, విసరడానికి దారి దొరకని ఆటగాళ్లు బంతిని నేలకు వదిలి మళ్లీ అందుకోవడం మొదలుపెట్టారు. క్రమంగా అదే డ్రిబుల్‌గా స్థిరపడింది. బంతితో కదలాలంటే దాన్ని నేలకు కొడుతూ కదలాలి, చేతిలో ఉంచుకుంటే నిలబడాలి అనే ఒప్పందం అలా ఏర్పడింది.

మన దేశానికి ఈ ఆట వైఎంసీఏ సంస్థల ద్వారానే వచ్చింది. హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో నెలకొల్పిన వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల ఇలాంటి ఆటలను బోధించే ఉపాధ్యాయులను తయారుచేసింది. తొలి జాతీయ పోటీలు 1934లో న్యూఢిల్లీలో జరిగాయి. భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య 1950లో ఏర్పడింది. భారత పురుషుల జట్టు ఒలింపిక్స్‌లో ఆడింది 1980లో, మాస్కోలో.

మూడు మూల భావనలు

బంతిపై అదుపు: ఆటగాడు బంతిని ఒక చేత్తో గానీ రెండు చేతులతో గానీ పట్టుకున్నప్పుడు, లేదా బంతి చేతిలో నిలిచినప్పుడు, అతనికి అదుపు వచ్చినట్టు. వేళ్లకు తగిలి జారిపోయిన బంతిపై అదుపు లేదు. డ్రిబుల్ చేస్తున్నవాడు రెండు చేతులతో బంతిని అందుకున్నా, ఒక చేతిలో నిలిపి ఉంచినా, డ్రిబుల్ అక్కడితో ముగుస్తుంది. అడుగుల లెక్క మొదలయ్యేది అప్పుడే.

పివట్: బంతి పట్టుకున్నవాడు ఒక పాదాన్ని నేలకు ఆనిన చోటే ఉంచి, రెండో పాదంతో ఏ దిక్కుకైనా ఎన్నిసార్లయినా అడుగు వేయవచ్చు. కదలని ఆ పాదం పివట్ పాదం. అది ఇసుర్రాయి నడిమి మేకు లాంటిది. చుట్టూ ఎంత తిరిగినా మేకు చోటు మారకూడదు. మడమ ఎత్తి, పాదం ముందు భాగంపై తిరగడంలో తప్పు లేదు. పాదం ఆనిన చోటు నుంచి జరిగితే తప్పు.

అడుగు: అదుపు వచ్చిన తర్వాత ఒక పాదం గానీ, రెండూ ఒకేసారి గానీ నేలను తాకితే అది మొదటి అడుగు. దాని తర్వాత రెండో పాదం తాకినా, రెండు పాదాలూ ఒకేసారి తాకినా అది రెండో అడుగు. రెండు పాదాలూ కలిసి దిగినప్పుడు రెండడుగులుగా కాక ఒక్క అడుగుగానే లెక్కించాలి.

నిలబడి బంతిని పట్టినప్పుడు

రెండు పాదాలూ నేలమీద ఉండగా బంతి అందితే, పివట్‌గా దేన్ని ఎంచుకోవాలన్నది ఆటగాడి ఇష్టం. ఒక పాదం లేచిన మరుక్షణం రెండోది పివట్ అవుతుంది. ఆ తర్వాత మార్చుకోవడానికి వీల్లేదు.

ఇక్కడి నుంచి అతను చేయగలిగే పనులు మూడు. వాటిలో పాస్‌కూ షాట్‌కూ ఒక నియమం, డ్రిబుల్‌కు మరొక నియమం. పాస్ లేదా షాట్ కోసం పివట్ పాదాన్ని ఎత్తవచ్చు, ఆ పాదం మీద నుంచి ఎగరవచ్చు. కానీ బంతి చేతిని వదిలేలోగా ఏ పాదమూ తిరిగి నేలను తాకకూడదు. డ్రిబుల్ మొదలుపెట్టాలంటే మాత్రం, పివట్ పాదం లేవకముందే బంతి చేతిని వదలాలి.

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే ట్రావెలింగ్ ఈ రెండో నియమం దగ్గరే జరుగుతుంది. ఎదుటివాణ్ని దాటిపోవాలనే తొందరలో ఒక కాలు ముందుకు వేస్తారు, వెనక కాలు లేస్తుంది, ఆ తర్వాత గానీ బంతి నేలకు వెళ్లదు. చూసేవాళ్లకు అతను ఒక్క అడుగే వేసినట్టు కనిపిస్తుంది. అయినా అది ట్రావెలింగే. ఎన్ని అడుగులన్నది ఇక్కడ ప్రశ్న కాదు. బంతి ముందు వదిలిందా, పివట్ పాదం ముందు లేచిందా అన్నదొక్కటే చూడాలి.

పరుగులో బంతిని పట్టినప్పుడు

కదులుతూ బంతిని అందుకున్నవాడికి, లేదా డ్రిబుల్ ముగించినవాడికి, ఆగడానికో పాస్ ఇవ్వడానికో షాట్ వేయడానికో రెండడుగుల వెసులుబాటు ఉంది. 2017 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ఫిబా ఈ నియమాన్ని మరింత స్పష్టం చేసింది. కదులుతున్న ఆటగాడికి బంతిపై అదుపు వచ్చిన క్షణంలో ఒక పాదం నేలమీద ఉంటే ఆ పాదాన్ని లెక్కలో చేర్చరు. దీన్నే జీరో స్టెప్ అంటున్నారు. తర్వాత నేలను తాకే పాదంతో లెక్క మొదలవుతుంది.

కుడిచేతి వాటం ఆటగాడు లేఅప్‌కు, అంటే పరుగెత్తుతూ వచ్చి బుట్ట దగ్గర ఎగిరి వేసే షాట్‌కు, వెళ్తున్నాడనుకుందాం. ఎడమ పాదం నేలమీద ఉండగా బంతి రెండు చేతుల్లోకి వచ్చింది. ఆ ఎడమ పాదం సున్నా. తర్వాత కుడి పాదం ఒకటి, మళ్లీ ఎడమ పాదం రెండు. ఎడమ కాలి మీద నుంచి ఎగిరి, మళ్లీ నేలకు దిగేలోగా బంతిని వదిలితే ఆట సక్రమం. గ్యాలరీలో కూర్చున్నవాళ్లు ఎడమ, కుడి, ఎడమ అని మూడు లెక్కపెట్టి కేకలు వేస్తారు. రెఫరీ విజిల్ ఊదడు. నిబంధన ప్రకారం రెఫరీదే సరి.

ఇదే ఆటగాడు రెండు పాదాలూ గాలిలో ఉండగా బంతిని పట్టి ఉంటే సున్నా అనేదే ఉండదు. దిగిన తొలి పాదం ఒకటి, మరుసటిది రెండు. ఆ తర్వాత మూడో స్పర్శ ఉల్లంఘన అవుతుంది.

పరుగులో పాస్ అందుకున్నవాడు డ్రిబుల్ మొదలుపెట్టదలచుకుంటే రెండో అడుగు పడకముందే బంతిని వదలాలి. జీరో స్టెప్ పాస్ అందుకున్నవాడికి కూడా వర్తిస్తుంది. కుడి పాదం నేలమీద ఉండగా బంతి చేరితే అది సున్నా, ఎడమ పాదం ఒకటి, కుడి పాదం మళ్లీ నేలను తాకేలోగా బంతి చేతిని వదలాలి.

గుర్తుంచుకోవాల్సిన షరతు ఇంకొకటి ఉంది. డ్రిబుల్ ముగించాక లేదా బంతిని పట్టాక అదే పాదాన్ని వెంటవెంటనే రెండుసార్లు నేలకు తాకించకూడదు. కుడి పాదంపై బంతిని పట్టి, కుంటి గెంతులా అదే కుడి పాదంపై మళ్లీ దిగితే అది ట్రావెలింగ్. రెండు పాదాలతో దిగి, రెండు పాదాలతో ఎగిరి, బంతి చేతిలో ఉండగానే మళ్లీ రెండు పాదాలతో దిగినా అంతే.

ఆగే పద్ధతులు

ఆటగాడు ఎలా ఆగాడన్నదాన్ని బట్టి ఆ తర్వాత అతని స్వేచ్ఛ ఎంతో తేలుతుంది.

బంతిని గాలిలో పట్టి రెండు పాదాలతో ఒకేసారి దిగితే, అంటే మొదటి అడుగులోనే రెండు పాదాలతో ఆగితే, ఏ పాదాన్నైనా పివట్‌గా వాడుకోవచ్చు. దీన్ని జంప్ స్టాప్ అంటారు. అత్యంత స్వేచ్ఛనిచ్చే పద్ధతి ఇదే కాబట్టి శిక్షకులు మొదట దీన్నే నేర్పుతారు.

ఒక పాదం ముందు, రెండోది తర్వాత దిగితే, ముందు దిగిన పాదమే పివట్. దీన్ని స్ట్రైడ్ స్టాప్ అంటారు. వేగం ఎక్కువగా ఉన్నప్పుడు మోకాళ్లపై భారం తగ్గించుకుంటూ ఆగడానికి ఇది పనికొస్తుంది.

మొదటి అడుగు ఒక పాదంతో వేసి, దానిపై నుంచి ఎగిరి, రెండో అడుగుగా రెండు పాదాలతో కలిసి దిగితే ఆ ఆగడం సక్రమమే గానీ ఇక ఏ పాదంతోనూ పివట్ చేయకూడదు. అక్కడి నుంచి ఎగిరితే నేలకు దిగేలోగా బంతిని వదలాలి. జంప్ స్టాప్‌తో దీన్ని కలిపేసుకోవడం వల్ల ఎన్నో తప్పులు జరుగుతాయి. రెండూ కంటికి ఒకేలా ఉంటాయి. కానీ మొదటిదాంట్లో ఒక అడుగే ఖర్చయింది, రెండోదాంట్లో రెండూ అయిపోయాయి.

ట్రావెలింగ్ కాని సందర్భాలు

నియమం ఎక్కడ వర్తించదో తెలియకపోవడం వల్ల కూడా అపోహలు పుడతాయి.

డ్రిబుల్ చేస్తున్నప్పుడు, బంతి చేతికి తగలని సమయంలో ఎన్ని అడుగులు వేసినా పరిమితి లేదు. వేగంగా పరుగెత్తేవాడు ఒక్కో బౌన్స్‌కు మూడు నాలుగు అడుగులు వేయవచ్చు.

పాస్ సరిగా అందక చేతుల నుంచి జారిన బంతి వెంట పరుగెత్తినవాడిది ట్రావెలింగ్ కాదు. అదుపే లేనప్పుడు అడుగుల లెక్కే లేదు.

బంతిని పట్టుకుని కిందపడి నేలమీద జారినవాడిది ఉల్లంఘన కాదు. కింద కూర్చున్నవాడో పడుకున్నవాడో అక్కడే బంతిని అందుకున్నా తప్పు లేదు. అక్కడి నుంచి పాస్ ఇవ్వవచ్చు, డ్రిబుల్ మొదలుపెట్టవచ్చు. బంతిని పట్టుకునే పొర్లినా, లేచి నిలబడబోయినా అది ట్రావెలింగ్.

షాట్ కోసం ఎగిరినవాడి చేతిలోని బంతిని ఎదుటివాడు కూడా గట్టిగా పట్టుకుంటే, ఇద్దరూ పట్టుకునే కిందికి దిగితే, అది జంప్ బాల్ సందర్భం. ఎదుటివాడి చేయి లేకుండా షూటర్ తానే బంతితో కిందికి దిగితే ట్రావెలింగ్.

గీత బయటి నుంచి బంతి విసిరేవాడికి పివట్ నియమం లేదు. అతనికి వేరే హద్దులున్నాయి. 5 సెకన్లలో బంతిని వదలాలి, పక్కలకు మొత్తం 1 మీటరుకు మించి జరగకూడదు.

డబుల్ డ్రిబుల్‌ను కూడా చాలామంది ట్రావెలింగ్ అంటారు. ఒకసారి డ్రిబుల్ ముగించి బంతిని పట్టుకున్నవాడు మళ్లీ డ్రిబుల్ మొదలుపెట్టడం వేరే ఉల్లంఘన. దానికి అధికరణమూ వేరే, రెఫరీ చేసే సైగా వేరే.

పేరుపొందిన పాద కదలికలు

నియమం ఎంత ఇరుకో, దాని లోపల దొరికే నేర్పు అంత విశాలం. బంతిని పట్టి, మోకాళ్లు వంచి, పాస్‌కూ షాట్‌కూ డ్రిబుల్‌కూ ఒకేలా సిద్ధంగా నిలబడే భంగిమ అన్నిటికీ పునాది. ఆ భంగిమలో పివట్ పాదం కదలకుండా రెండో పాదాన్ని చురుగ్గా ముందుకు పొడిచి వెనక్కి తీస్తే జాబ్ స్టెప్. ఎదుటివాడు వెనక్కి తగ్గితే షాట్‌కు చోటు దొరుకుతుంది. పక్కకు ఒరిగితే రెండో వైపు దారి తెరుచుకుంటుంది.

బుట్టకు వీపు పెట్టి నిలబడిన ఆటగాడు ఒక పాదాన్ని వెనక్కి వేసి, ఎదుటివాణ్ని నెట్టకుండానే దాటడం డ్రాప్ స్టెప్. పివట్ ముందుకు తిరుగుతూ చేయవచ్చు, వెనక్కి తిరుగుతూ చేయవచ్చు. మొదటిదాంట్లో ఛాతీ ముందు నడుస్తుంది, రెండోదాంట్లో వీపు ముందు నడుస్తుంది.

లేఅప్‌కు ఉన్న రెండడుగులను ఒకే దిక్కుకు కాక, ఒకటి ఒక పక్కకు, రెండోది ఎదురు పక్కకు వేస్తే యూరో స్టెప్. లిథువేనియా ఆటగాడు షరూనస్ మార్చులియోనిస్ దీన్ని అమెరికా వృత్తి లీగ్ ఎన్‌బీఏకు పరిచయం చేశాడు. అర్జెంటీనాకు చెందిన మాను జినోబిలి వల్ల అది ప్రపంచానికంతా తెలిసింది.

పాదాల నేర్పుకు నిలువెత్తు ఉదాహరణ హకీమ్ ఒలాజువాన్. నైజీరియాలోని లాగోస్‌లో 1963లో పుట్టిన అతను చిన్నప్పుడు ఫుట్‌బాల్ గోల్‌కీపర్‌గా, హ్యాండ్‌బాల్ ఆటగాడిగా పెరిగాడు. బాస్కెట్‌బాల్‌కు ఆలస్యంగా వచ్చి, 1994, 1995 సంవత్సరాల్లో హ్యూస్టన్ రాకెట్స్ జట్టును ఎన్‌బీఏ విజేతగా నిలిపాడు. బుట్ట దగ్గర అతని పివట్ కదలికలను ఇప్పటికీ శిక్షణలో చూపిస్తారు. వేరే ఆటలో అలవడిన కాళ్లు బాస్కెట్‌బాల్‌లో అడ్డంకి కానక్కర్లేదని, పెట్టుబడి కాగలవని అతని జీవితం రుజువు చేసింది.

ఇతర ఆటల్లో, ఇతర నిబంధనల్లో

ఎన్‌బీఏలో కూడా బంతిని కూడదీసుకున్న తర్వాతే రెండడుగుల లెక్క మొదలవుతుంది. అమెరికా హైస్కూళ్ల, కళాశాలల నిబంధనల్లో జీరో స్టెప్ వెసులుబాటు లేదు. అందుకే అక్కడి శిక్షణ వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లకూ, ఫిబా నిబంధనలతో నడిచే మన పోటీలకూ తేడా వస్తుంది.

బాస్కెట్‌బాల్ నుంచే పుట్టిన నెట్‌బాల్‌లో డ్రిబుల్ చేస్తూ సాగిపోవడం లేదు. బంతి పట్టి దిగిన పాదం చుట్టూనే ఆట నడుస్తుంది. హ్యాండ్‌బాల్‌లో బంతితో 3 అడుగుల వరకూ, 3 సెకన్ల వరకూ అనుమతి ఉంది.

వీల్‌చైర్ బాస్కెట్‌బాల్‌లో పాదాలకు బదులు చక్రాలను నెట్టడాన్ని లెక్కిస్తారు. బంతి ఒడిలో ఉంచుకుని చక్రాలను రెండుసార్లు నెట్టవచ్చు. ఆ తర్వాత డ్రిబుల్ చేయాలి, లేదా బంతిని వదలాలి. డ్రిబుల్ లేకుండా మూడోసారి నెడితే ట్రావెలింగ్. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల కాళ్లు వంకరపోయిన తరాలను చూసిన నల్లగొండ జిల్లాలో ఈ నియమం ప్రతి వ్యాయామ ఉపాధ్యాయుడికీ తెలిసి ఉండాలి. నడవలేని పిల్లవాడికీ ఈ ఆటలో చోటుంది, నియమమూ ఉంది.

దక్షిణ తెలంగాణ నేలమీద

పాత నల్లగొండ జిల్లా 2016 అక్టోబరులో నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలుగా విడిపోయింది. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, తర్వాత 2019లో నారాయణపేట ఏర్పడ్డాయి. ఎర్ర చెల్క నేలలూ రాతి గుట్టలూ ఉన్న మెట్ట ప్రాంతమిది. ఇక్కడి ఊళ్లలో ఆట అంటే మొదట గుర్తొచ్చేవి కబడ్డీ, ఖోఖో, వాలీబాల్. వాటికి ఖర్చు తక్కువ. చదును చేసిన మొరం నేలా, ముగ్గుతో గీసిన గీతలూ చాలు. బాస్కెట్‌బాల్‌కు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉన్న గట్టి నేల, 3.05 మీటర్ల ఎత్తున రింగులూ కావాలి. అందుకే ఈ ఆట ఊరి నడుమ కంటే విద్యాసంస్థల ఆవరణల్లోనే వేళ్లూనుకుంటుంది.

ఈ ప్రాంతానికి అలాంటి సంస్థల చరిత్ర ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొలి గురుకుల పాఠశాల 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు సర్వేల్‌లో మొదలైంది. ఆ ఊరు ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. నల్లగొండ వైపు చలకుర్తిలో, మహబూబ్‌నగర్ (పాలమూరు) వైపు వట్టెంలో జవహర్ నవోదయ విద్యాలయాలున్నాయి. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నాయి. పిల్లలు అక్కడే ఉండి చదువుకునే పాఠశాలల్లో పొద్దున, సాయంత్రం ఆటకు వేళ దొరుకుతుంది. పాదాలకు క్రమశిక్షణ అలవడేది అలా రోజూ దొరికే ఆ వేళలోనే. పాఠశాల క్రీడా సమాఖ్య అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాల్లో జరిపే పోటీలు ఈ పిల్లలకు బయటి ప్రపంచానికి మెట్లు.

కబడ్డీ ఆడిన పిల్లవాడు బాస్కెట్‌బాల్‌కు మంచి కాళ్లతో వస్తాడు. కూతకు వెళ్లినవాడు ఎదుటివాళ్ల మీద కన్ను వేసి, మోకాళ్లు వంచి, కాళ్లు పెనవేసుకోకుండా పక్కలకు జరుగుతాడు. బాస్కెట్‌బాల్‌లో రక్షణ ఆటగాడి కదలిక సరిగ్గా ఇదే. నడిమి గీతకు 3.75 మీటర్ల దూరంలోని బాక్ లైన్‌నూ, దానికి 1 మీటరు అవతలి బోనస్ గీతనూ చూడకుండానే పాదంతో పసిగట్టే నైపుణ్యం అతనికి ఉంటుంది. ఒక పాదం గీత దాటి, రెండోది గాలిలో ఉంటేనే బోనస్ అనే నియమం అతనికి కొత్త కాదు. నేలమీద ఏ పాదం ఉంది, గాలిలో ఏ పాదం ఉంది అనే ఎరుక అతనికి ముందే అలవాటు. చిక్కు ఒక్కచోట వస్తుంది. కూతలో ఉన్నవాడు నిలకడగా ఉండడు, ఉన్నచోటే చిన్న చిన్న గెంతులు వేస్తూ పాదాలు మారుస్తుంటాడు. బంతి పట్టుకుని అదే పని చేస్తే ప్రతి గెంతూ ట్రావెలింగే.

ఖోఖో ఆడినవాడికి కింద కూర్చున్న చోటి నుంచి ఒక్క ఉదుటున లేచి పరుగందుకునే బలం ఉంటుంది. ఒక దిక్కుకు తిరిగాక స్తంభం చేరేదాకా వెనక్కి మళ్లకూడదనే నియమం అతనికి దిక్కును ముందే నిర్ణయించుకోవడం నేర్పుతుంది. కానీ ఆ తొలి ఉదుటులోనే ప్రమాదం ఉంది. బంతి చేతిని వదలకముందే అతని వెనక కాలు లేచిపోతుంది. ఖోఖో పిల్లలకు మొదట నేర్పాల్సింది ‘బంతి ముందు, కాలు తర్వాత’ అన్న క్రమం.

వాలీబాల్ ఆటగాడు స్మాష్‌కు ముందు ఒక అడుగు వేసి రెండు పాదాలూ కలిపి ఎగురుతాడు. ఆ అలవాటు బుట్ట కింద షాట్‌కు చక్కగా పనికొస్తుంది. అయితే అది ఒక అడుగు, ఆపై రెండు పాదాల దిగుడు. అంటే అతని రెండడుగులూ అయిపోయాయి. అక్కడి నుంచి పివట్ చేయబోతే విజిల్ తప్పదు.

నేల కూడా పాఠం చెబుతుంది. మొరం మీద బంతి ఎత్తుపల్లాలకు తగిలి అనుకోని వైపు లేస్తుంది, ఇసుక రేణువుల మీద పాదం జారుతుంది. పివట్ పాదం మొత్తంగా నేలకు ఆనిస్తే తిరగడం కష్టం, మునివేళ్ల వెనకి ఉబ్బెత్తు భాగంపై బరువు నిలిపితే సులువు. సిమెంటు కోర్టు ఎండాకాలంలో పది గంటలకే కాలుతుంది. అందుకే వేసవి శిబిరాలు తెల్లవారుజామునే పెట్టాలి. వట్టికాళ్లతో సిమెంటుపై ఎగిరి దిగే సాధన చేయించకూడదు. చీలమండ బెణకడం ఈ ఆటలో సర్వసాధారణమైన గాయం. మోకాలి లోపలి కట్టు తెగడం అమ్మాయిల్లో ఎక్కువగా కనిపిస్తుంది. మోకాళ్లు వంచి, మెత్తగా, రెండు పాదాలపై బరువు పంచి దిగడం నేర్పితే ట్రావెలింగూ తగ్గుతుంది, గాయాలూ తగ్గుతాయి.

నేర్పే క్రమం

పాద కదలికలు నేర్పడానికి మొదట బుట్ట అక్కర్లేదు, బంతి కూడా అక్కర్లేదు. ముగ్గుపిండితో ఒక గీత గీసి, పిల్లలను పరుగెత్తించి, విజిల్ వినగానే గీత దగ్గర రెండు పాదాలతో ఆగమనాలి. ఆగిన తర్వాత ముందుకో వెనక్కో ఊగకుండా నిలబడగలిగితే జంప్ స్టాప్ వచ్చినట్టే.

తర్వాత పివట్. నేలమీద ముగ్గుతో చిన్న వృత్తం గీసి పివట్ పాదాన్ని అందులో ఉంచాలి. రెండో పాదంతో చుట్టూ తిరుగుతున్నప్పుడు వృత్తం చెరిగిపోతే పాదం జరిగిందని పిల్లవాడికే తెలుస్తుంది. ఎవరూ చెప్పనక్కర్లేదు. కుడి పాదంతో ఎంతసేపు చేస్తే ఎడమ పాదంతోనూ అంతసేపు చేయాలి.

మూడో మెట్టు డ్రిబుల్ ఆరంభం. బంతి నేలను తాకిన చప్పుడు విన్న తర్వాతే వెనక కాలు లేవాలని చెప్పాలి. నిబంధన అడిగేది బంతి చేతిని వదలడమే అయినా, సాధనలో చప్పుడు వినడం అలవాటైతే పోటీలో తొందరపాటుకు తావుండదు.

చివరగా లేఅప్. మొదట నడుస్తూ, తర్వాత నెమ్మదిగా పరుగెత్తుతూ చేయించాలి. బంతి పట్టిన క్షణాన నేలమీద ఉన్న పాదానికి ‘సున్నా’ అని, తర్వాతి వాటికి ‘ఒకటి’, ‘రెండు’ అని పైకి అనిపించాలి. సున్నాను నోటితో పలికిన పిల్లవాడికి ఆ నియమం మళ్లీ వివరించాల్సిన పని ఉండదు.

రెఫరీ చూసేది

రెండు పిడికిళ్లను ఛాతీ ముందు ఒకదాని చుట్టూ ఒకటి తిప్పడం ట్రావెలింగ్‌కు రెఫరీ చేసే సైగ. డబుల్ డ్రిబుల్‌కైతే అరచేతులను కిందికి, పైకి ఆడిస్తాడు. మంచి రెఫరీ మొదట పివట్ పాదం ఏదో నిర్ధారించుకుంటాడు, ఆ తర్వాతే తప్పొప్పులు తేలుస్తాడు. కదలిక వింతగా ఉందని విజిల్ ఊదకూడదు. యూరో స్టెప్ గానీ, వెనక్కి జరిగి వేసే షాట్ గానీ అలవాటు లేని కంటికి తప్పులా కనిపిస్తాయి. పివట్ పాదం ఏదో స్పష్టంగా తెలియనప్పుడు ఊహించి తీర్పు ఇవ్వడం కంటే ఆటను సాగనివ్వడం మేలు. అలాగని కళ్లెదుట జరిగిన తప్పును వదిలేస్తే రక్షణ ఆటగాడికి అన్యాయం జరుగుతుంది. బంతితో నడిచినవాణ్ని నేర్పుతో ఆపడం ఎవరి వల్లా కాదు.

నూట ముప్పై ఏళ్లకు పైగా ఈ ఆటలో ఎన్నో నిబంధనలు మారాయి. బంతి పట్టుకుని పరుగెత్తకూడదన్న మూల సూత్రం మాత్రం మారలేదు. ఒంటరిగా మోసుకుపోలేని బంతిని తోటివాడికి అందించక తప్పదు కాబట్టే ఇది జట్టు ఆట అయింది. నల్లగొండ, పాలమూరు బడుల్లోని వ్యాయామ ఉపాధ్యాయులు ఈ నియమాన్ని శిక్షగా కాక మొదటి పాఠంగా చెప్పాలి. రింగు లేని బడిలోనూ, మొరం నేలమీదా, పిడికెడు ముగ్గుతో ఆ పాఠాన్ని రేపే మొదలుపెట్టవచ్చు.